ఆ రైలింజను చెప్పని సాక్ష్యము

యోర్దాను నదిని దాటిన తరువాత యెహోషువ గోత్రమునకు ఒకని చొప్పున పన్నెండు మందిని పిలిచి, నది నడుమ నుండి పన్నెండు రాళ్లు మోయించి గిల్గాలులో నిలువబెట్టించాడు. ఆ రాళ్లు అలంకారము కొరకు కాదు. రేపు పిల్లలు వాటిని చూచి, ఇవి ఎందుకున్నవని తండ్రులను అడుగుతారు. అప్పుడు తండ్రులు జరిగిన సంగతి జరిగినట్టు చెప్పాలి. యెహోషువ గ్రంథము 4వ అధ్యాయము చదివిన ప్రతి కుటుంబమునకు ఈ సంగతి తెలిసినదే.

ప్రతి జనాంగమూ ఇలాంటి రాళ్లు నిలుపుకుంటుంది. పూర్వకాలంలో విజయస్తంభాలు వేయించేవారు. ఈ కాలంలో యుద్ధ మ్యూజియములు కట్టిస్తున్నారు. పాత ఫిరంగులు, విమానాలు, చనిపోయిన సైనికుల టోపీలు, ఉత్తరాలు అక్కడ పెడతారు. బడిపిల్లలను వరుస కట్టించి తీసుకువెళ్లి చూపిస్తారు. పిల్లలు అడుగుతారు, పెద్దలు చెబుతారు. అయితే పెద్దలు చెప్పే జవాబు సగమే నిజమైతే ఆ బిడ్డ ఏమి నేర్చుకొని ఇంటికి వస్తాడు?

జపాను రాజధాని టోక్యోలో ఉన్న ఒక మ్యూజియము గూర్చి దశాబ్దాలుగా ఈ ప్రశ్నే రేగుతున్నది. దాని పేరు యూషూకాన్. అంత దూరపు సంగతి మనకెందుకని అనుకోవద్దు. ఆ మ్యూజియము వాకిటనే ఉన్న ఒక వస్తువుకు మన తెలుగు కూలివారి కన్నీటితో సంబంధము ఉన్నది.

గుడి, దాని ప్రక్కన మ్యూజియము

టోక్యో నడిబొడ్డున కుదాన్ అనే మెట్ట మీద యాసుకుని అనే షింటో గుడి ఉన్నది. జపాను చక్రవర్తి కొరకు యుద్ధములలో చనిపోయినవారి కోసము 1869లో దీనిని స్థాపించారు. 1879లో దీనికి ఇప్పుడున్న పేరు పెట్టారు. ఇది శ్మశానము కాదు. ఇక్కడ ఎవరి దేహమూ లేదు, ఎవరి అస్థికలూ లేవు. చనిపోయినవారి పేర్లు వ్రాసి ఉంచి, వారిని దేవతలుగా ఎంచి పూజిస్తారు. ఇలా చేర్చబడినవారు సుమారు 24 లక్షల 66 వేల మంది.

ఆ గుడి ఆవరణలోనే 1882లో యూషూకాన్ తెరిచారు. 1923లో వచ్చిన మహా భూకంపంలో భవనము దెబ్బతినగా మరల కట్టారు. 1945లో జపాను ఓడిపోయిన తరువాత మ్యూజియము మూతబడింది. నలుబది ఏండ్లు గడచిన పిమ్మట 1986లో మరల తెరిచారు. 2002లో కొత్త భాగము కలిపి పెద్దది చేశారు. దీనిని నడుపుతున్నది ప్రభుత్వము కాదు, ఆ గుడివారే. అయినను దేశములో పేరుపొందిన యుద్ధ మ్యూజియము గనుక, అక్కడ వ్రాసినదంతా జపాను దేశపు మాటే అని పొరుగు దేశాలవారు భావిస్తారు.

1978లో ఆ గుడివారు మరొక పని చేశారు. యుద్ధానంతరము టోక్యోలో జరిగిన అంతర్జాతీయ విచారణలో ప్రధాన నేరస్థులుగా ఎంచబడిన 14 మంది పేర్లను, బయటికి చెప్పకుండా, దేవతల జాబితాలో చేర్చారు. మరుసటి సంవత్సరము పత్రికలలో ఆ సంగతి బయటపడింది. హిరోహితో చక్రవర్తి 1975లో చివరిసారి అక్కడికి వెళ్లారు. ఆ తరువాత మరణించువరకు మరల వెళ్లలేదు. ఈనాటికీ జపాను ప్రధానమంత్రి గాని మంత్రులు గాని ఆ గుడికి వెళ్తే చైనా, కొరియా దేశాలు నిరసన తెలుపుతాయి.

తల్లుల దుఃఖము నిజమైనది

మ్యూజియములో అడుగుపెట్టిన వెంటనే గాజు గోడల హాలులో జపానువారి ప్రసిద్ధ యుద్ధ విమానము జీరో కనబడుతుంది. లోపలికి పోతే మనిషి కూర్చుని నడిపే టార్పెడో ఒకటి ఉన్నది. అందులో ఎక్కినవాడు శత్రు నౌకను ఢీకొని తానూ చావవలసినదే. మరికొంత దూరములో గోడల నిండా యువకుల ఫోటోలు. వారిలో చాలామంది ఇంకా మీసాలు సరిగా రాని వయసువారు. తల్లులకు వ్రాసిన చివరి ఉత్తరాలు, రక్తపు మరకలు గల జెండాలు, ఆగిపోయిన గడియారాలు ఉన్నవి.

అక్కడ గాజు పెట్టెలలో పెండ్లికూతురు బొమ్మలు కూడా ఉన్నవి. పెండ్లి కాకుండానే చనిపోయిన కొడుకు కోసము తల్లులు ఆ బొమ్మలను అర్పించారు. కొడుకు ఒంటరిగా ఉండకూడదని వారి ఆశ. మన విశ్వాసము వేరు. మృతులకు బొమ్మలు అవసరము లేదని మనకు తెలుసు. అయినను ఆ తల్లుల కడుపుకోతను చిన్నచూపు చూచే హక్కు మనకు లేదు. నాయీను ఊరి గవిని వద్ద విధవరాలి ఒక్కగానొక్క కుమారుని పాడె ఎదురైనప్పుడు మన ప్రభువు ఆమె మతమును గాని ఆమె కొడుకు ప్రవర్తనను గాని విచారించలేదు. ఆమెను చూచి జాలిపడ్డాడు.

కాబట్టి జపానువారు తమ మృతులను తలచుకోవడము తప్పు అని ఎవరూ అనరు. ఆ దుఃఖము చాటున ఇతరుల దుఃఖము కనబడకుండా పోతున్నదన్నదే అక్కడి వివాదము.

వాకిటనున్న రైలింజను

జీరో విమానము ఉన్న ఆ ముందు హాలులోనే నల్లగా నిగనిగలాడే ఒక ఆవిరి రైలింజను ఉన్నది. దాని నంబరు సి 56 31. టికెట్టు కొనకుండానే ఎవరైనా దానిని చూడవచ్చును. 1936లో జపానులో తయారైన ఈ ఇంజను యుద్ధకాలంలో థాయిలాండుకు పోయింది. థాయిలాండు, బర్మా దేశాలను కలుపుతూ జపాను సైన్యము వేసిన రైలుమార్గము 1943 అక్టోబరులో ప్రారంభమైనప్పుడు ఆ ఉత్సవములో పాల్గొన్నది ఈ ఇంజనే. యుద్ధము తరువాత 1977 వరకు థాయిలాండు రైల్వేలో పనిచేసింది. 1979లో, ఆ మార్గము వేసిన మాజీ జపాను సైనికులు చందాలు పోగుచేసి దానిని స్వదేశానికి తెచ్చి ఈ గుడికి సమర్పించారు.

ఆ రైలుమార్గము పొడవు 415 కిలోమీటర్లు. కొండలు, దట్టమైన అడవులు, ఎడతెగని వానల మధ్య సుమారు ఒకటింపావు సంవత్సరములోనే దానిని పూర్తి చేయించారు. 60 వేలకు పైగా బ్రిటిషు, డచ్చి, ఆస్ట్రేలియా, అమెరికా యుద్ధ ఖైదీలు అక్కడ చాకిరీ చేశారు. వారిలో 12 వేలకు పైగా చనిపోయారు. కలరా, మలేరియా, రక్త విరేచనాలు, ఆకలి, దెబ్బలు వారిని చంపినవి. ప్రపంచము దానికి మరణ రైలుమార్గము అని పేరు పెట్టింది.

అయితే తెల్ల ఖైదీలకంటె ఎక్కువగా చనిపోయినవారు ఆసియా కూలీలు. మలయా, బర్మా, జావా మొదలైన చోట్ల నుండి సుమారు రెండు లక్షల మందిని అక్కడికి తోలుకుపోయారు. వారిలో దాదాపు 90 వేల మంది చనిపోయారని అంచనా. ఖైదీలకు తమ అధికారులు, తమ వైద్యులు ఉన్నారు. చచ్చినవారి పేర్లు రహస్యంగా వ్రాసిపెట్టినవారున్నారు. కూలీలకు ఆ ఆసరా కూడా లేదు.

మలయా నుండి వెళ్లినవారిలో ఎక్కువమంది రబ్బరు తోటల తమిళ కూలీలు. వారితోబాటు తెలుగువారు కూడా ఉన్నారు. ఆ కాలంలో విశాఖపట్నము, గంజాము, గోదావరి ప్రాంతాల నుండి కంగాణీల వెంట ఓడలెక్కి మలయా తోటలకు పోయిన తెలుగు కుటుంబాలు ఎన్నో. కరువు వచ్చి పోయినవారు కొందరు, అప్పులు తీర్చుకొని తిరిగి వద్దామని పోయినవారు కొందరు. యుద్ధము రాగా రబ్బరు ఎగుమతి ఆగిపోయింది, తోటలలో పని లేదు, బియ్యము లేదు. అప్పుడు మూడు నెలల పని, మంచి కూలి అని ఆశ చూపించి రైలు పెట్టెలలో ఎక్కించారు. ఉచితముగా సినిమా చూపిస్తామని పిలిచి, తలుపులు మూసి, లారీలలో తీసుకుపోయిన సంగతి కూడా బ్రతికి వచ్చినవారు చెప్పారు. కొన్ని చోట్ల భార్యలు, పిల్లలు సహా వెళ్లారు.

థాయిలాండులోని కాంచనబురి పట్టణములో యుద్ధ ఖైదీల శ్మశానము ఉన్నది. 6,982 మందికి అక్కడ వరుసగా రాళ్లు ఉన్నవి. తోటమాలులు ప్రతిరోజూ గడ్డి కత్తిరించి శుభ్రము చేస్తారు. ఆసియా కూలీలకు అలాంటి వరుసలు లేవు. కలరా వచ్చినప్పుడు గోతులు తీసి గుంపుగా పూడ్చివేశారు. ఏ అప్పన్న, ఏ సూరమ్మ ఎక్కడ పడిపోయారో చెప్పే రాయి ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు టోక్యోలోని ఆ ఇంజను దగ్గరకు వద్దాము. దాని ప్రక్కనున్న పలక దాని తయారీ, ప్రయాణము, ప్రారంభోత్సవములో అది పొందిన గౌరవము చెబుతుంది గాని, ఆ పట్టాల క్రింద ఎందరు చనిపోయారో చెప్పదని చూచి వచ్చిన అనేకులు వ్రాశారు. హేబెలు రక్తము నేలలో నుండి దేవునికి మొర పెట్టినట్టు ఆదికాండము 4వ అధ్యాయములో చదువుతాము. ఆ ఇంజను మాత్రము నిగనిగలాడుతూ మౌనముగా ఉన్నది.

వ్రాసినది, వ్రాయనిది

ఇది ఒక్క ఇంజను సంగతి కాదు. 1937 డిసెంబరులో జపాను సైన్యము చైనా రాజధాని నాన్‌జింగ్‌ను పట్టుకొన్నది. తరువాతి వారాలలో లొంగిపోయిన సైనికులను, సామాన్య ప్రజలను గుంపులుగా చంపారు. వేలాది స్త్రీలను చెరిచారు. మ్యూజియములోని వివరణ మాత్రము, క్రమశిక్షణ తప్పవద్దని సేనాపతి ఆజ్ఞ ఇచ్చాడనీ, మామూలు బట్టలు వేసుకొన్న చైనా సైనికులను కఠినముగా శిక్షించారనీ చెప్పి ఊరుకొంటుంది.

నాన్‌జింగ్‌లో జరిగినదానికి సాక్షులు ఉన్నారు. వారిలో మిషనరీలు ముఖ్యులు. మిన్నీ వాట్రిన్ అనే అమెరికా మిషనరీ దొరసాని అక్కడ జిన్లింగ్ స్త్రీల కళాశాల బాధ్యత చూస్తూ ఉండేది. సైనికులు గేటు వద్దకు వచ్చిన ప్రతిసారీ తానే అడ్డు నిలిచి, వేలాది స్త్రీలను, పిల్లలను ఆ ఆవరణలో దాచింది. ప్రతి రాత్రి ఆ రోజు చూచినది డైరీలో వ్రాసుకొన్నది. జాన్ మాగీ అనే పాదిరిగారు ఆసుపత్రిలో గాయపడినవారిని చిన్న కెమెరాతో చిత్రించారు. సత్యమును వ్రాసిపెట్టడము కూడా ఒక పరిచర్యే అని వారి పని మనకు చూపిస్తున్నది.

అమెరికాతో యుద్ధము గూర్చిన వ్రాత కూడా వివాదమైనది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన దేశపు ఆర్థిక మాంద్యము పోగొట్టుకోడానికి జపానును యుద్ధములోకి నెట్టాడనే అర్థము అక్కడి పలకలలో ఉండేది. 2006లో జపాను దేశస్థుడే, అదియు సంప్రదాయవాదిగా పేరున్న ఒక మాజీ రాయబారి, ఇది తగదని పత్రికలో విమర్శించారు. ఆ తరువాత మ్యూజియమువారు ఆ వ్రాతను మార్చారు. రాతి మీద మాట కూడా మారగలదు. అయితే ఇంటిలోనివారే లేచి అడగాలి.

మన దేశస్థుని పేరు కూడా అక్కడ ఉన్నది. టోక్యో విచారణలో కూర్చున్న న్యాయమూర్తులలో కలకత్తాకు చెందిన రాధాబినోద్ పాల్ ఒకరు. ఆ విచారణ చట్టరీత్యా చెల్లదనీ, నిందితులందరూ నిర్దోషులనీ ఆయన వేరుగా తీర్పు వ్రాశారు. అందుకు కృతజ్ఞతగా 2005లో ఆ గుడి ఆవరణలో ఆయనకు స్మారకము కట్టారు. కాని అదే తీర్పులో, జపాను సైనికులు ఘోరమైన దురాగతాలు చేశారనడానికి సాక్ష్యము తిరుగులేనిదని కూడా ఆయన వ్రాశారు. ఆయన తీర్పులో మొదటి సగమును తలచుకొనేవారు ఎక్కువ, రెండవ సగమును తలచుకొనేవారు తక్కువ. సాక్షి మాటను సగానికి కోస్తే అది అతని సాక్ష్యము కాదు.

అక్కడి క్రైస్తవుల పోరాటము

జపానులో క్రైస్తవులు నూటికి ఒక్కరు కూడా పూర్తిగా లేరు. అయినను ఈ విషయములో వారి స్వరము చిన్నది కాదు. 1969 మొదలుకొని 1974 వరకు యాసుకుని గుడిని ప్రభుత్వ పోషణ క్రిందికి తేవాలని చట్టసభలో బిల్లు పెడుతూ వచ్చారు. క్రైస్తవ సంఘాలు ఇతరులతో కలిసి దానిని ఎదిరించినవి. ఆ బిల్లు చట్టము కాలేదు.

ఆ దినాలలోనే ఒక క్రైస్తవ విధవరాలి వ్యాజ్యము దేశమంతటా తెలిసింది. ఆమె భర్త జపాను ఆత్మరక్షణ దళములో పనిచేస్తూ 1968లో ప్రమాదములో చనిపోయాడు. యమగూచి ప్రాంతములో యాసుకుని తరహాదే అయిన మరొక గుడిలో అతనిని దేవతగా చేర్చారు. నా భర్తను దేవతగా పూజించవద్దని ఆమె మొరపెట్టుకొన్నా వినలేదు. ఆమె కోర్టుకు వెళ్లింది. క్రింది కోర్టులలో గెలిచింది. 1988లో సుప్రీం కోర్టు ఆమెకు వ్యతిరేకముగా తీర్పిచ్చి, ఇతరుల మతాచారముల యెడల ఆమే ఓర్పు చూపాలని చెప్పింది. సామాన్యురాలైన ఆ స్త్రీ పదిహేను ఏండ్లు నిలబడి పోరాడింది.

కొరియావారి బాధ ఇంకా లోతైనది. 1910 నుండి 1945 వరకు కొరియా జపాను ఏలుబడిలో ఉన్నది. కొరియా క్రైస్తవులందరూ షింటో గుళ్ల ముందు వంగి నమస్కరించాలని ఒత్తిడి వచ్చింది. 1938లో పోలీసుల బెదిరింపు క్రింద ప్రెస్బిటేరియన్ మహాసభ కూడా, అది మతాచారము కాదు, దేశభక్తి మాత్రమే అని తీర్మానించింది. ప్యాంగ్యాంగ్ పట్టణములో చు కిచొల్ అనే సంఘకాపరి వంగలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగోల వలె నిలబడ్డాడు. మరల మరల చెరసాలకు వెళ్లి 1944 ఏప్రిల్‌లో అక్కడే ప్రాణము విడిచాడు. జపాను సైన్యములో చేర్చబడి చనిపోయిన సుమారు 21 వేల మంది కొరియావారి పేర్లు ఈనాటికీ యాసుకునిలో ఉన్నవి. మా తండ్రుల పేర్లు తీసివేయండని కుటుంబాలు అడిగితే, ఒకసారి చేర్చినవారిని వేరుచేయలేమని గుడివారి జవాబు.

అయితే జపాను సంఘము యుద్ధకాలములో ఏమి చేసింది? అక్కడ మనము తలవంచవలసిన ఒక సంగతి ఉన్నది. 1941లో ప్రభుత్వ ఒత్తిడి క్రింద ప్రొటెస్టెంటు సంఘాలలో చాలా వరకు కలిసి జపాను ఐక్య క్రీస్తు సంఘముగా ఏర్పడినవి. ఆ సంఘము యుద్ధమును ఆమోదించింది, విజయము కొరకు ప్రార్థించింది. 1967 ఈస్టరు దినమున అదే సంఘము తన అధ్యక్షుడు సుజుకి మసాహిసగారి సంతకముతో ఒక ఒప్పుకోలును ప్రచురించింది. తాము కావలివాని పని చేయక, దేశము చేసిన పాపములో పాలుపొందామని దేవుని ఎదుట ఒప్పుకొని, ఆసియాలోని సహోదరులను క్షమాపణ వేడుకొన్నారు. సంఘములో కొందరికి అది నచ్చలేదు. పెద్దల పేరు పాడుచేస్తున్నారని అన్నవారున్నారు. అయినను ఆ ఒప్పుకోలు నిలిచింది.

జపానువారు మాత్రమేనా?

ఇదంతా చదివి జపానువారిని నిందించి ఊరుకొంటే మనము వేషధారులమవుతాము. ఈ రోగము అన్ని దేశాలలోను ఉన్నది. 1995లో అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియములో, హిరోషిమా మీద అణుబాంబు వేసిన ఎనోలా గే విమానమును ప్రదర్శించదలచారు. విమానముతోబాటు బాంబు క్రింద పడిన ప్రజల కథ కూడా చెప్పాలని మ్యూజియమువారు తలంచారు. మాజీ సైనికులు, చట్టసభ సభ్యులు మండిపడ్డారు. ఆ ప్రదర్శన రద్దయినది, మ్యూజియము డైరెక్టరు రాజీనామా చేశారు. చివరకు విమానము ముందు భాగమును మాత్రము, కాలిపోయిన పిల్లల ఊసు లేకుండా, చూపించారు.

మంచి మాదిరి కూడా ఉన్నది. బాంబు దెబ్బ తిన్న హిరోషిమాలోని శాంతి మ్యూజియము 1994లో కొత్త భాగము తెరచినప్పుడు, తమ పట్టణము జపాను సైన్యమునకు స్థావరముగా ఉండినదనీ, జపాను ఇతర దేశాల మీదికి దండెత్తినదనీ కూడా చూపించింది. ఎంతో శ్రమపడిన పట్టణము తన తప్పును కూడా గోడ మీద వ్రాసుకొన్నది.

దేవుని గ్రంథము దాచలేదు

మన పరిశుద్ధ గ్రంథమును ఈ దృష్టితో చూడండి. ఇశ్రాయేలీయులకు దావీదుకంటె గొప్ప యుద్ధవీరుడు లేడు. ఒక మ్యూజియము కట్టితే గొల్యాతు కత్తి పెట్టి ఊరుకొనేవారు. కాని 2 సమూయేలు 11వ అధ్యాయము ఊరియా పేరును దాచలేదు. అతడు పరదేశియైన హిత్తీయుడు, రాజు ఆజ్ఞ చొప్పున యుద్ధములో ముందు వరుసలో నిలువబెట్టబడి చంపబడిన సైనికుడు. రాజు పాపమును రాజు జనమే వ్రాసిపెట్టింది. దావీదు శూరుల జాబితాలో కడపటి పేరు ఎవరిదో 2 సమూయేలు 23వ అధ్యాయము తెరచి చూడండి. ఊరియా పేరే. మత్తయి సువార్తలో క్రీస్తు వంశావళి వ్రాస్తూ కూడా ఆ పేరు విడువలేదు.

మత్తయి 23వ అధ్యాయములో మన ప్రభువు, ప్రవక్తల సమాధులను అలంకరించే పరిసయ్యులను గద్దించాడు. సమాధులు కట్టడము తప్పని కాదు. తమ తండ్రులు చేసిన హత్యలో తమకు పాలు లేదని చెప్పుకుంటూ, అదే దారిలో నడుస్తున్నందుకు గద్దించాడు. సున్నము కొట్టిన గోడ మీద చూచేవానికి కనబడేది తెల్లదనమే.

ఒప్పుకొన్నవాడు కనికరము పొందుతాడని సామెతల గ్రంథము 28వ అధ్యాయము బోధిస్తున్నది. మరణ రైలుమార్గము కథలోనే దానికి ఉదాహరణ ఉన్నది. ఎరిక్ లోమాక్స్ అనే బ్రిటిషు అధికారి ఆ మార్గములో ఖైదీ. రహస్యముగా రేడియో పెట్టుకొన్నారని జపానువారు అతని చేతులు విరిగేటట్లు కొట్టి హింసించారు. ఆ విచారణలో దుబాసీగా ఉన్నవాడు నగాసె తకాషి. యుద్ధము ముగిసిన తరువాత నగాసె మిత్రరాజ్యాలవారితో కలిసి ఆ దారి పొడవునా ఖైదీల సమాధులు వెదికాడు. చూచినది మరువలేక, తన జీవితమంతా పశ్చాత్తాపముతో మరల మరల కాంచనబురికి వెళ్లి, చేసిన తప్పును బహిరంగముగా చెప్పాడు. 1993లో ఆ ఇద్దరు ముసలివారు క్వాయ్ నది వంతెన వద్ద కలిశారు. నగాసె వణుకుతూ క్షమాపణ అడిగాడు. లోమాక్స్ క్షమించాడు. నగాసె 2011లో, లోమాక్స్ 2012లో స్నేహితులుగానే మరణించారు. నగాసె నిజము దాచి ఉంటే ఆ క్షమాపణకు చోటే ఉండేది కాదు.

ఎర్నెస్ట్ గార్డన్ అనే మరొక ఖైదీ కాలక్రమేణ దైవసేవకుడై ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో ప్రార్థనాలయ పెద్దగా పనిచేశారు. గాయపడి, ఈగలు ముసిరి, దిక్కులేక రైలు పెట్టెలలో పడివున్న జపాను సైనికులను తాము చూచిన సంగతి ఆయన వ్రాశారు. తోటి ఖైదీలు తమ తిండిలో కొంత, నీళ్లు, గుడ్డపీలికలు తీసుకొని వెళ్లి శత్రువుల పుండ్లు కడిగారు. పొరుగువాడు ఎవడో వారు ఆ దినమున నేర్చుకొన్నారు.

మన పిల్లలకు మనము చెప్పే జవాబు

ఇక మన ఇంటికి వద్దాము. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నము, కాకినాడల మీద బాంబులు వేసినవి. ఊళ్లు విడిచి పల్లెలకు పరుగెత్తిన కథలు మన పెద్దలు చెప్పేవారు. నేడు సెలవులు వస్తే మన పిల్లలను అదే విశాఖ సముద్రతీరానికి తీసుకువెళ్లి, 2002 నుండి మ్యూజియముగా ఉన్న కురుసుర జలాంతర్గామిని, 1971 యుద్ధ విజయ స్మారకమును చూపిస్తాము. అది మంచిదే. దేశము కొరకు ప్రాణమిచ్చినవారిని గౌరవించాలి.

అయితే ఆ తీరమునకు సమీపముననే 1971 డిసెంబరు 3వ తేది అర్ధరాత్రి వేళ పాకిస్తాను జలాంతర్గామి గాజీ మునిగిపోయింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ దానిని ముంచిందని మన నౌకాదళము చెబుతుంది. దానిలోనే జరిగిన ప్రేలుడు వలన మునిగిందని పాకిస్తాను చెబుతుంది. ఆ వాదము చరిత్రకారులు తేల్చుకుంటారు. దానిలో ఉన్న 93 మంది మాత్రము తిరిగి రాలేదు. వారికీ తల్లులున్నారు. బిడ్డ చేయి పట్టుకొని స్మారకము చూపించే తండ్రి, ఆ మాట కూడా ఒక్కటి చెప్పితే మన సైనికుల గౌరవము తగ్గదు. బిడ్డ హృదయము పెరుగుతుంది.

ఏ స్మారకము ముందు నిలబడినా పిల్లలకు ఒక ప్రశ్న నేర్పండి: ఇక్కడ ఎవరి పేరు లేదు? రాజు పేరు ఉంటే మోసినవాని పేరు వెదకమనండి. మన సంఘ చరిత్రలోను, మన కుటుంబ చరిత్రలోను అలాగే. గుడి కట్టడానికి విరాళమిచ్చిన పెద్దల పేర్లు పలక మీద ఉంటవి. రాళ్లు మోసిన స్త్రీల పేర్లు ఎవరు వ్రాశారు? తాతగారి పొలము కథ చెప్పేటప్పుడు ఆ పొలము పోగొట్టుకొన్నవాని కథ కూడా చెబుతున్నామా?

మీ ఊరిలో మలయాకో బర్మాకో పోయి తిరిగిరాని వారి కథ ఏదైనా ఉంటే, పెద్దవారు బ్రతికి ఉండగానే అడిగి వ్రాసిపెట్టండి. పేరు, ఊరు, తండ్రి పేరు, పోయిన సంవత్సరము, తెలిసినంత మట్టుకు చాలు. కుటుంబ బైబిలు మొదటి పుటలలో పుట్టుకలు, వివాహములు వ్రాసుకొనే చోటనే వ్రాయండి. అడవిలో గుంపుగా పూడ్చబడినవారిలో ఒక్కని పేరైనా ఆ విధముగా ఇంటికి తిరిగి వస్తుంది. లోకపు మ్యూజియములు విడిచిపెట్టిన ప్రతి పేరును ఎరిగిన దేవుడు మన యిండ్లలో సత్యమును నిలుపును గాక.